ఆ 32 ఎక్కడిది?

లండన్‌లో ఉన్న మా చెల్లెలు ఓ తెల్లవారుజామున ఫోన్ చేసింది. "అక్కా, రాత్రి చంటాడికి జ్వరం 40 ఉంది. ఇప్పుడు ఒకటిన్నర డిగ్రీ తగ్గింది" అంది.

మనకి తెలిసిన జ్వరాలు నూట ఒకటి, నూట రెండు. 40 అంటే నాకేం తెలుస్తుంది? హైస్కూల్లో బట్టీపట్టిన సూత్రం గుర్తు తెచ్చుకున్నాను. సెల్సియస్‌ని 1.8తో హెచ్చవేసి 32 కలపాలి. 40కి 104 వచ్చింది. గుండె గుభేలుమంది! తగ్గిన ఒకటిన్నరకీ అదే లెక్క వేస్తే 34.7. జ్వరం అంత దిగితే పిల్లాడేమైపోవాలి? నా బి.ఏ. పరువు అక్కడే పోయింది.

ఈ 32ని మన నెత్తిన పెట్టినవాడు ఫారన్‌హీట్. 1686లో డాంజిగ్ రేవుపట్నంలో పుట్టాడు. పదిహేనేళ్లకే తల్లీతండ్రీ విషపు పుట్టగొడుగులు తిని ఒక్కరోజే పోయారు. వర్తకం నేర్చుకోమని ఆమ్‌స్టర్‌డామ్ పంపితే, పాపం, వాడి మనసు గాజుగొట్టాల మీదికి పోయింది. 1708లో కోపెన్‌హేగెన్‌లో రోమర్ అనే శాస్త్రజ్ఞుణ్ణి కలిశాడు. రోమర్ కొలతలో మంచు ఏడున్నర, ఒంటి వేడి ఇరవై రెండున్నర. ఈ అరలతో ఎవరు వేగుతారని ఫారన్‌హీట్ నాలుగింతలు చేశాడు. 30, 90 వచ్చాయి. తర్వాత వాటిని 32, 96 అని సర్దాడు. మధ్యనున్న 64ని సగం, సగంలో సగం చేసుకుంటూ గీతలు పెట్టుకోవచ్చు కదా! సున్నా మాత్రం మంచు, నీళ్లు, నవాసాగరం కలిపినప్పుడు వచ్చే చల్లదనానికి ఇచ్చాడు. 1724లో ఇదంతా లండన్ రాయల్ సొసైటీకి రాసి పంపాడు.

స్వీడన్‌లో సెల్సియస్ 1742లో మంచుకీ మరిగే నీళ్లకీ మధ్య నూరు మెట్లు కట్టాడు. కాకపోతే ఆయనకి మరిగే నీళ్లు సున్నా, మంచు నూరు! ఆ లెక్కన జ్వరం పెరిగితే అంకె తగ్గేది. 1744లో నలభై రెండేళ్లకే ఆయన క్షయతో పోయాక, కొలతని తలకిందులు చేశారు.

అదే ఎత్తు ఫారన్‌హీట్ మెట్లలో 32 నుంచి 212 దాకా, అంటే 180. సెల్సియస్ మెట్టు ఒక్కటి ఎక్కితే ఇక్కడ 1.8 మెట్లు. 32 మెట్టు కొలత కాదు, మంచు నిలబడ్డ చోటు, అంతే.

మళ్లీ కాగితం తీశాను. 40కి 104. తగ్గాక 38.5, దానికి 101.3. రెండింట్లోనూ ఉన్న 32 తీసివేతలో ఎగిరిపోయింది. దిగింది 2.7!

"నూట ఒకటికి వచ్చిందే!" అన్నాను ఫోన్లో.

"అందుకే కాబోలు అక్కా, పాలు తాగి పడుకున్నాడు" అంది.