ఇసుకపలక నుండి గాజుపలక వఱకు

అక్షరాభ్యాసమునాడు పళ్లెములో బియ్యము పఱచి, పిల్లవాని వ్రేలు పట్టి ఓనమాలు వ్రాయించుట పెద్దలందఱును ఎఱిగినదే. ఆ వ్రేలే నేడు గాజుపలకమీద నడచుచున్నది. సెల్‌ఫోనని, టాబ్లెట్ అని, గోడతెర అని పేర్లు వేఱైనను, ప్రాథమిక పాఠశాలలోనికి క్రొత్త పనిముట్టు వచ్చుట ఇది మొదటిసారి కాదు. వచ్చిన ప్రతి పనిముట్టును తనతో ఒక యాశను గూడ తెచ్చినది. ఉపాధ్యాయుడు తక్కువైనను చదువు తక్కువ కాకుండుననుటయే ఆ యాశ. అది ఎంతవఱకు ఫలించినదో కొంచెము వెనుకకు పోయి చూతము.

1623 లో పియెత్రో దెల్లా వాల్లె యను ఇటలీ యాత్రికుడు కన్నడదేశమున సంచరించుచు, ఒక దేవాలయపు ముంగిటి మండపములో నలుగురు బాలురు లెక్కలు నేర్చుకొనుట చూచెను. వారు నేలపై సన్నని యిసుక చల్లి, పాఠమును రాగముతో పాడుచు, వ్రేలితో అంకెలు వ్రాయుచుండిరి. నేల నిండగానే చెఱిపి మఱల ఇసుక చల్లుకొనుచుండిరి. అచ్చట గురువు లేడు. "తప్పు వచ్చినచో దిద్దువారెవరు?" అని యాత్రికుడడిగెను. నలుగురమును ఒకే చోట మఱచిపోవుట జరుగదు గదా యని ఆ బాలురు బదులు చెప్పిరట. కాగితమునకు గాని పలకకు గాని దమ్మిడీ ఖర్చు లేని యా చదువు అతనికి వింతయై, తన లేఖలలో వ్రాసి పెట్టుకొనెను.

ఇంచుమించు రెండువందల యేండ్ల పిదపను మన బడి అట్లే యుండెను. చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో 1822 లో జిల్లాకలెక్టరులనందఱిని తమ తమ జిల్లాల బడుల లెక్క పంపుడని కోరెను. 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ పంపిన నివేదిక వానిలో మిక్కిలి విలువగలది. ఈయన తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున రచించిన క్యాంబెల్‌గారే. నేటి అనంతపురసీమయు అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. జిల్లాయందు 533 బడులుండెను. అందులో కన్నడబడులు 235, తెలుగుబడులు 226. చదువుకొనువారు 6,641 మంది. వారిలో హిందూబాలికలు అఱువదిమంది మాత్రమే.

బాలుడు ఐదవయేట బడిలో చేరి, మొదట ఇసుకలో వ్రేలితో వ్రాసి, పిదప తాటియాకుమీద గంటముతోను, చెక్కపలకమీదను, నల్లని కడితముమీద బలపముతోను వ్రాయుచుండెనని క్యాంబెల్ చెప్పెను. ప్రొద్దుననే అందఱికంటె ముందు వచ్చిన పిల్లవాని యఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూడవవాడు మొదలు వరుసగా ఒకటి, రెండు, మూడు బెత్తపు దెబ్బలు. ఈ వరుస వీధిబడి యెఱిగినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుచు తమ చదువును తామే గట్టిచేసికొను పద్ధతిని క్యాంబెల్ మిక్కిలి మెచ్చి, ఇంగ్లండులో దీనిననుకరించుట తగియే యున్నదని వ్రాసెను. పద్యములను అర్థము తెలియకయే వల్లించుటను, సమర్థులైన గురువులు కొఱవడుటను నిందించెను.

ఇంగ్లండులో అనుకరించిన కథ యిది. ఆండ్రూ బెల్ అను స్కాట్లండుదేశపు మతగురువు 1789 లో చెన్నపట్టణమున ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర శాలకు అధ్యక్షుడయ్యెను. ఒకనాడాయన దారిని పోవుచు ఒక మలబారుబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచెను. ఆ కాలపు ఆంగ్లేయులు తమిళులను మలబారువారని పిలుచుట వాడుక. తన శాలలోను అట్లే నేర్పింపుడని బెల్ చెప్పగా అచ్చటి ఉపాధ్యాయులు తమ వలన కాదనిరి. అంతట ఆయన జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల సిపాయి కొడుకును ఆ తరగతికి గురువుగా నియమించెను. పెద్దలు కాదన్న పని ఆ బాలుడు చేసి చూపెను. బెల్ స్వదేశమునకు తిరిగిపోయి 1797 లో దీనినిగూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. దానికి "మద్రాసు పద్ధతి" యని పేరు వచ్చినది. ఆయనకు పోటీగా జోసెఫ్ లాంకస్టర్ అనునతడు ఒక్క గురువుతో వేయిమందికి చదువు చెప్పవచ్చునని చాటెను. పెక్కు దేశములలో ఇసుకబల్లలు గల బడులు వెలసెను.

ఇచ్చటనే మనము కొంత ఆగి చూడవలెను. మన యూరిబడిలో పెద్దపిల్లవాడు చెప్పుచుండగా గురువు ప్రక్కనే కూర్చుండి యుండెను. ఏ పిల్లవాడెవరి బిడ్డయో, ఎవడెచ్చట తడబడునో ఆయనకు తెలియును. ఇంగ్లండులో ఆ పద్ధతి వందలమంది కూర్చున్న పెద్దసావిడిలో కవాతువలె మాఱినది. దొరలకు నచ్చినది దానిలోని తక్కువ ఖర్చే యని నా యభిప్రాయము. 1846 లో అచ్చటి ప్రభుత్వమే, జీతమిచ్చి యువకులకు ఉపాధ్యాయవృత్తి నేర్పు వేఱొక యేర్పాటు చేయవలసివచ్చినది.

పిదప రాతిపలక వచ్చినది, నల్లబల్ల వచ్చినది. నల్లబల్ల వచ్చినదనుటయే గాని, అది లేని బడులెన్నో యుండుటచేతనే 1987 లో కేంద్రప్రభుత్వము "నల్లబల్ల పథకము"ను ఆరంభింపవలసివచ్చినది. రేడియో పాఠములను శ్రోతలెఱుగుదురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రాథమిక తరగతుల పిల్లలు "విందాం నేర్చుకుందాం" అను ప్రసారమును బడిలోనే వినిరి.

1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరముపాటు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు జరిగెను. ఆంధ్రప్రదేశము ఆ యాఱింటిలో నొకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఇనుపవల బిగించిన గొడుగువంటి పళ్లెము ఆకాశమువైపు నిలిపి చూచుచుండిరి. 1976 జూలైతో గడువు తీరినది, ఉపగ్రహము మరలిపోయినది. తెర వెలుగవలెనన్న ఎక్కడనో ఒకరి సమ్మతి కావలయునని పల్లెవారికి ఆనాడే తెలిసినది.

కంప్యూటరు విషయమున రెండు పరీక్షలు చెప్పదగినవి. గుజరాతులోని వడోదర పురపాలక పాఠశాలలలో 2002 మొదలు, 4 వ తరగతి పిల్లలకు వారమునకు రెండు గంటలు, యంత్రమునకిద్దఱు చొప్పున, లెక్కల ఆటలు ఆడించిరి. వారు లెక్కలలో స్పష్టముగా ముందుకు వచ్చిరి. ఏడాది గడచిన పిదప ఆ లాభములో చాలభాగము కరగిపోయినది. అదే పరిశోధనలో, వెనుకబడిన పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ ప్రాంతపు యువతులు చెప్పిన చదువును ఫలమిచ్చినది, అదియు కంప్యూటరుకంటె తక్కువ వ్యయముతో. ఇక దక్షిణ అమెరికాలోని పెరూదేశము ఎనిమిది లక్షలకు పైగా చిన్న కంప్యూటరులను పిల్లలకు పంచిపెట్టెను. 2012 లో ప్రకటింపబడిన పరిశీలనలో, పదునైదు నెలల పిదపను చదువునందు గాని లెక్కలయందు గాని వృద్ధి కానరాలేదు. యంత్రము చేతికి వచ్చినది; దానితో ఏ పాఠము చెప్పవలెనో ఉపాధ్యాయునకు తగినట్లు నేర్పినవారు లేరు.

2020 మార్చిలో కరోనా వ్యాధిచే బడులు మూతపడినప్పుడు గాజుపలకకు అసలు పరీక్ష వచ్చినది. తెలంగాణమున 2020 సెప్టెంబరు 1 నుండి యాదగిరి దూరదర్శనములోను, టీ-శాట్‌లోను మూడవ తరగతి మొదలు పై పిల్లలకు పాఠములు వచ్చెను. ప్రాథమిక తరగతులు మఱల తెఱచునప్పటికి 2021 సెప్టెంబరు వచ్చినది. అసర్ సర్వేనుబట్టి, బడిపిల్లలున్న గ్రామీణ కుటుంబములలో స్మార్ట్‌ఫోను గలవి దేశమంతట 2018 లో నూటికి 36 ఉండగా 2022 నాటికి 75 వఱకు పెరిగెను. ఆ మధ్యకాలముననే, మూడవ తరగతిలో నుండి రెండవ తరగతి పాఠము చదువగలిగిన పిల్లలు నూటికి 27 నుండి 20 కి తగ్గిరి. బడులు నడచి గురువులు ఎదుట నిలిచిన పిదప, 2024 లో ఆ సంఖ్య మఱల 27 కు చేరినది.

1823 లో క్యాంబెల్ వ్రాసిన మాట ఒకటి ఇచ్చట స్ఫురించుచున్నది. సీమవస్త్రములు వచ్చి నేతపని క్షీణించి, పేదలు బడిఖర్చు భరింపలేక, పిల్లల చేతులు పనికి వచ్చిన మఱునాడే వారిని చదువు మాన్పించుచున్నారని ఆయన వాపోయెను. ఇసుకకు ఖర్చు లేదు. ఐనను చదువునకు ఖర్చుండెను. ఫోనును అట్లే. 2021 లో ఇంట స్మార్ట్‌ఫోనుండియు దానిని ముట్టుటకు వీలుచిక్కని పిల్లలు నాలుగవవంతుకు పైగా నుండిరి. తెల్లవాఱుటతోడనే అది తండ్రితో పొలమునకో కూలికో పోయి, పాఠము ముగిసిన చాలసేపటికి, చీకటిపడిన పిదప ఇల్లు చేరుచుండెను.