భోగి మంటలో పోయిన 11 పేజీలు

రాజపాళయం ఇంట్లో మెట్ల కింద అరలో ఒక నల్ల పెట్టె ఉంది, మనవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. ఇంట్లోని ఫోన్లూ ల్యాప్‌టాపులూ వైఫై మీద తమ నకళ్ళు అందులో దాచుకుంటాయి. పెట్టింది నేనే. 4 టెరాబైట్లు మన జన్మకి నిండవని పెదనాన్నతో గొప్పగా చెప్పాను కూడా. పోయిన డిసెంబర్‌లో నిండిపోయింది. నిండిందని అది పంపిన మెయిళ్ళన్నీ నేను వాడడం మానేసిన పాత అడ్రసుకి పోయాయి. ఆడి నెలలో ఊరికి వెళ్ళినప్పుడు గాని నేను చూడలేదు. ఏడు నెలలుగా ఒక్క కొత్త ఫోటో కూడా అందులో చేరలేదు.

ఏం తీసేద్దామని వాట్సాప్ గ్రూపులో అడిగా. మొదటి జవాబు తమ్ముడిది: "ఆ తెలుగు కాగితాల ఫోల్డరే పెద్దది, ఎవరూ తెరవరు గదా, తీసెయ్ అన్నా."

వాడిది తప్పనలేను. మన ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, కానీ చదువు తమిళంలో. ముత్తాత లెక్కల పుస్తకం తెలుగు అక్షరాల్లో ఉంది. నేను చదివింది కన్నడ మీడియం. కన్నడ, తెలుగు అక్షరాలు అక్కచెల్లెళ్ళు కాబట్టి, పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నా. ఇప్పుడు ఇంట్లో దాన్ని చదవగలిగేది నేనొక్కణ్ణే, అదీ నిదానంగా.

తమ్ముడి మాట చదవగానే నాకు కరివలంవందనల్లూరు గుర్తొచ్చింది. మన ఊరినుంచి శంకరన్‌కోవిల్ పోయే దారిలో ఉంటుంది. కవి కూడా అయిన వరతుంగరామ పాండ్యుడి తాటాకు పుస్తకాలు అక్కడి గుడికి చేరాయి. పాత తమిళ గ్రంథాలను వెతికి అచ్చు వేయించిన ఉ. వే. స్వామినాథ అయ్యర్ (1855–1942) వాటికోసం అక్కడికి వెళ్ళాడు. పుస్తకాలు లేవు. శిథిలమైన ఆకుల్ని నేతిలో ముంచి హోమంలో వేయాలని శాస్త్రం ఉందట, అలాగే చేసేశామని గుడివాళ్ళు చెప్పారు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. తగలబెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. చదివేవాళ్ళు లేరు, ఆకులు పొడి అవుతున్నాయి, స్థలం కావాలి. మర్యాదగానే సాగనంపారు.

తాటాకుకి ఆయుష్షు ఉంటుంది. పురుగూ తేమా దాన్ని తినేలోపు ఎవరో ఒకరు ఘంటం పట్టి కొత్త ఆకు మీద ఎక్కించాలి. మన పక్కనున్న శ్రీవిల్లిపుత్తూరు కథనే కృష్ణదేవరాయలు (పాలన 1509–1529) ఆముక్తమాల్యదగా రాశాడు. 19వ శతాబ్దంలో అచ్చయ్యేదాకా సుమారు 300 ఏళ్ళు అది చేతిరాత నకళ్ళ మీదే బతికింది. మధ్యలో ఒక తరం మనకెందుకులే అనుకుని ఉంటే చేతికి అందేది కాదు.

నకలు రాయడంతో పని అయిపోదని తెలిసినవాడు సి. పి. బ్రౌన్ (1798–1884). కడపలో సొంత బంగళాలో పండితుల్ని పెట్టుకుని ఒక్కో కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేసింది కూడా అలా ప్రతులు పోల్చాకే. అంతకుముందు కాలిన్ మెకంజీ, ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మొదలైనవాళ్ళ సాయంతో ఊరూరి కైఫియత్తులు పోగుచేశాడు. 1821లో ఆయన పోయాక ఆ కాగితాలు పాడవుతుంటే బ్రౌన్ వాటికి మళ్ళీ నకళ్ళు రాయించాడు. కడప జిల్లా కైఫియత్తులు ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయంటే కారణం ఆ కష్టమే.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నకలు తీసినవాడి మాట నమ్మొద్దు, తెరిచి చూడు అనేది మా వృత్తిలో మొదటి పాఠం. అది ఆఫీసులో పాటించా, ఇంట్లో పాటించలేదు.

తెలుగు ఫోల్డర్ జోలికి పోకుండానే చోటు దొరికింది. ఒకే పెళ్ళి వీడియో ఆరు ఫోన్లనుంచి ఆరుసార్లు చేరి ఉంది. తీసేసిన ఫైళ్ళన్నీ పెట్టె సొంత చెత్తబుట్టలో అలాగే కూర్చున్నాయి. ల్యాప్‌టాపుల పాత నకళ్ళు రోజుకొకటి చొప్పున మూడేళ్ళవి ఉన్నాయి. ఇప్పుడు ఒక నెల వరకు రోజువారీవి, ఆపైన నెలకొకటి చాలని మార్చేశా. మొత్తం 1.6 టెరాబైట్లు ఖాళీ అయింది.

ఇంక ముత్తాత పుస్తకం తెరిచి చూశా. చివరి 11 పేజీల ఫైళ్ళకి పేర్లున్నాయి, సైజు దగ్గర మాత్రం సున్నా. డిసెంబర్‌లో వాటిని స్కాన్ చేస్తుండగానే డిస్కు నిండింది. పేరు రాసుకోవడానికి చోటు దొరికింది, బొమ్మకి దొరకలేదు. పెట్టెలో రెండు డిస్కులున్నాయి గదా అంటారేమో. ఒకదాని మీద ఏముంటే రెండోదాని మీదా అదే, రెండింటిలోనూ సున్నాలే.

అసలు పుస్తకం ఏదని పెద్దమ్మని అడిగా. "కంప్యూటర్లో ఎక్కించేశానని నువ్వే కదరా చెప్పావు? చెదలు పట్టి ఉందని భోగి రోజు మంటలో వేసేశాం" అంది. నేను చెప్పిన మాట నిజమే. చూసి చెప్పలేదు, అంతే.

మిగిలిన ఆఖరి పేజీలో పైన ఒక తలకట్టు ఉంది: ఇచ్చిన ఆడపిల్లలు, ఊళ్ళు. కింద రెండే పేర్లు. మన వంశవృక్షంలో మగవాళ్ళ పేర్లు ఏడు తరాలవి ఉన్నాయి. ఆడపిల్లల పేర్లున్నది ఆ 11 పేజీల్లోనే.

పెద్దమ్మకి ఎనభై దాటింది. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని ఆవిడ చెప్పినవి రాసుకుంటున్నా, ఇప్పటికి 23 పేర్లు వచ్చాయి. ఈ ఇంటినుంచి వెళ్ళిన మీ అవ్వల, ముత్తవ్వల పేర్లు, ఊళ్ళు తెలిస్తే పంపండి. ఏ లిపిలో రాసినా పరవాలేదు, నేను చదువుకుంటా. ఒక నకలు రాజపాళయంలో, ఒకటి బెంగళూరులో నా దగ్గర, ఒకటి కాగితం మీద ఉంటుంది. ప్రతి భోగికి ముందురోజు మూడూ తెరిచి చూస్తా. అప్పటిదాకా మీ ఇంట్లో ఏ పాత కాగితాన్నీ మంటలో వేయకండి.