సూక్ష్మజీవుల వంశావళి

మంథనిలో గురువుగారి యింట నేను చదువుకొను దినములలో, ఒకే గ్రంథమునకు నాలుగు తాళపత్ర ప్రతులు ముందుంచుకొని పాఠములు పోల్చుట మాకు నిత్యకృత్యము. ఒక లేఖకుడు ఒకచోట వత్తు మరచినచో, ఆ ప్రతిని జూచి వ్రాసికొనిన వారందరును అచ్చట దానిని మరతురు. మూడు ప్రతులలో ఒకే చోట ఒకే తప్పు కనబడెనా, అవి ఒక తల్లి బిడ్డలని గురువుగారు నిశ్చయించెడివారు. ఒప్పులు వంశమును దెలుపవు, తప్పులే తెలుపును. ఈ విద్య ఆసుపత్రులలో అక్కరకు వచ్చునని ముదిమిలో గాని నే నెరుగనైతిని.

కరీంనగరమున ఒక ఆసుపత్రిలో మా బావగారికి శస్త్రచికిత్స జరిగెను. పుండు మానలేదు. మూడు మందులు మార్చిరి. ఏ మందునకు సూక్ష్మజీవి లొంగదో కల్చరు పరీక్ష చీటీలో వ్రాసియుండెను. “ఇది మా యింటినుండి వచ్చినదా, పక్క మంచమునుండి వచ్చినదా, డాక్టరుగారూ?” అని యడిగితిని. చీటీలో అది యుండదని ఆయన సెలవిచ్చెను.

ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన చోటొకటి కలదు. 2011 జూన్ మాసమున అమెరికాలోని బెథెస్డా పట్టణమున జాతీయ ఆరోగ్య సంస్థల ఆసుపత్రికి ఒక రోగిణి వచ్చెను. ఆమె దేహమున క్లెబ్సియెల్లా న్యుమోనియే అను సూక్ష్మజీవి యుండెను. అది మిక్కిలి బలమైన మందులకును లొంగనిది. ఆమెను వేరుగా నుంచిరి. జూలైలో ఆమె యింటికి వెళ్లెను. మూడు వారములైన పిదప మరియొక రోగియందు ఆ జాతియే కనబడెను; తరువాత మరికొందరియందు. ఆమెతో గూడ 18 మందికి సోకినది. 11 మంది మరణించిరి. అందు ఆరుగురి మరణమునకు ఈ సూక్ష్మజీవియే కారణమని తేల్చిరి.

ఆమె వెళ్లిపోయెను గదా, ఇది ఎచ్చటినుండి వచ్చెను? క్లెబ్సియెల్లా జన్యులిపి నాలుగే అక్షరములతో వ్రాయబడిన గ్రంథము. అందు సుమారు 55 లక్షల అక్షరములుండును. సూక్ష్మజీవి రెండుగా చీలునపుడెల్ల ఆ గ్రంథమునకు ప్రతి వ్రాసికొనును, అరుదుగా ఒక అక్షరము తప్పును. పండితులు రోగులందరి సూక్ష్మజీవుల లిపిని చదివి, తప్పులను పోల్చిరి. ఆమె వేర్వేరు అవయవములనుండి తీసిన ప్రతులలోనే స్వల్పభేదములు కనబడెను. ఆ భేదములను బట్టి వ్యాధి ఆమెనుండి మూడు వేర్వేరు మారులు ఇతరులకు సంక్రమించెనని 2012లో ప్రకటించిరి. మా గురువుగారు వినియుండిన ఎంత సంతసించెడివారో!

అయితే తాటాకు కట్టలలో వేరొక చిక్కు కలదు. ఒక గ్రంథపు ఆకు జారి మరియొక కట్టలో చేరును. సూక్ష్మజీవులలోను అట్టి విడి ఆకులు గలవు, వానిని ప్లాస్మిడ్లందురు. మందును నిర్వీర్యము చేయు జన్యువు ఈ ఆకుపై నుండి, ఒక జాతినుండి వేరొక జాతికి పోవును. 2008లో భారతదేశమునుండి స్వీడనుకు మరలిన ఒక రోగియందు దొరకిన అట్టి జన్యువునకు న్యూఢిల్లీ పేరు పెట్టిరి. మనవారు ఆ పేరునకు కోపించినంతగా ఆకునకు కోపింపలేదు.

ఇట్టి ఆకులు చేరుటకు తగిన తావు మనకు దూరమున లేదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు చోట, శుద్ధియైన నీటియందే లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కలదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి నెత్తుటిలో గూడ అంత యుండదు. ఆ నీరు చేరిన వాగుల అడుగు మట్టిలోని జన్యులిపిని చదువగా, మందులకు లొంగని జన్యువులు విస్తారముగా నున్నవని 2011లో తేలెను. ఆ ప్రాంతపు నక్కవాగు మంజీరలో గలియును. మంజీర కందకుర్తికడ గోదావరిలో గలియును. పిమ్మట బాసర, ధర్మపురి, మంథని. (2016లో జిల్లాలు చీలినవి గాని, నా నోటికి ఆదిలాబాదు, కరీంనగరములే వచ్చును.) 2015 పుష్కరములలో బావగారును నేనును ధర్మపురిలోనే మునిగితిమి.

బావగారు రెండు మాసములకు కోలుకొనిరి. ఆయన పుండునుండి తీసిన సూక్ష్మజీవి ఏమైనదని విచారించితిని. చీటీ వ్రాయగనే పారవేసిరట. తాటాకైనచో అడిగి తెచ్చుకొనియుందును.