కోడేరు నుంచి బందరుకు లోపలి దారి

పాలమూరోళ్లకు నది తెలుసు, సముద్రం అంతగా తెలియదు. మా కోడేరు నుంచి కొల్లాపూర్ మీదుగా సోమశిలకు పోతే, శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లతో నిండిన కృష్ణ ఎదురవుతుంది. ఆ నీళ్లు ఎక్కడ కలుస్తాయంటే స్కూలు పిల్లలు కూడా బంగాళాఖాతం అని చెప్తారు. అక్కడిదాకా పోయి చూసినవాళ్లు మాత్రం తక్కువ. సముద్రం అంటే మా ఆఫీసులో గోవా, మా ఇంట్లో వైజాగ్. "సముద్రం జూడనీకి అంత దూరం పోవాల్నా?" అని అమ్మ అడిగింది. నేను బందరు అన్నాను. వైజాగ్ కంటే దగ్గర అన్నది ఒక కారణం. అసలు కారణం వేరే: రెండు వందల యాభై ఏళ్ల కిందటి దాకా ఈ లోపలి నేల మొత్తానికీ సముద్రం అంటే బందరే.

బందరు అంటే పర్షియన్‌లో రేవు. అంత పేరున్న రేవుకి లోతు లేదు. పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసుకుంటే, సరుకంతా చిన్న పడవల్లో అటూ ఇటూ మోయాల్సిందే. 1618 నుంచి నాలుగేళ్లు ఇక్కడ పనిచేసిన ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ కూడా ఊరిని మెచ్చుకోలేదు. జనం ఎక్కువే కానీ కట్టడం బాగాలేదని, బావుల్లో నీళ్లు ఉప్పగా ఉన్నాయని రాశాడు. మరి 1605లో డచ్చివాళ్లు, 1611లో 'గ్లోబ్' ఓడలో ఇంగ్లీషువాళ్లు ఇక్కడికే ఎందుకొచ్చారు?

సమాధానం తీరంలో దొరకదు, వెనక ఉన్న నేలలో దొరుకుతుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాలు, గోల్కొండ రాజ్యమంతటా నేసిన బట్టలు, ఇప్పటి నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కరిగించిన ఉక్కు, నీలిమందు. డచ్చివాళ్లు ఖమ్మం జిల్లా నాగులవంచలో కూడా ఒక వర్తకస్థావరం పెట్టుకున్నారు. సముద్రం కనుచూపు మేరలో లేని ఊరిలో ఓడల కంపెనీకి ఏం పని? రేవు బతకాలంటే లోపలి ఊళ్లు కావాలని వాళ్లకు బాగా తెలుసు. గోల్కొండ నుంచి బెజవాడ మీదుగా బందరుకు బండ్లు నడిచిన దారి ఆ రాజ్యానికి ప్రాణం. ఈరోజు పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబర్ జాతీయ రహదారి కూడా చివరికి మచిలీపట్నంలోనే ఆగుతుంది.

ఆ దారి తెగిన కథే నాకు ముఖ్యం. ఇంగ్లీషువాళ్లు 1639లో మద్రాసులో స్థలం సంపాదించాక బందరు ప్రాధాన్యం మెల్లగా తగ్గుతూ వచ్చింది. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. కానీ రాజకీయంగా గీత గీసింది 1759. ఆ ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి బందరుకోటను పట్టుకున్నాడు. నెల తిరిగేసరికి నిజాం సలాబత్ జంగ్ ఆ పట్నాన్ని ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. 1766, 1768 ఒప్పందాలతో ఉత్తర సర్కారులు కూడా వెళ్లిపోయాయి. 1802 వర్తక ఒప్పందంలో బందరు రేవును వాడుకునే హక్కును కంపెనీ నిజాంకు ఇచ్చింది. ఒకప్పుడు తన రాజ్యంలో ఉన్న రేవుకి ఇంకొకరి అనుమతి! 1823లో సర్కారుల మీద నిజాంకు వచ్చే కప్పాన్ని కూడా ఒకేసారి డబ్బు కట్టి తెంచేశారు.

బందరును ఉప్పెన ముంచిందని అంటుంటారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. అంత పెద్ద దెబ్బను తక్కువ చేసి చెప్పలేం. కానీ ఉప్పెన వచ్చేనాటికే రేవు బలహీనపడి ఉంది. దాని వెనక రాజ్యం వేరైపోయింది, మిల్లు గుడ్డ వచ్చి మగ్గాన్ని కొట్టేసింది. ఊరు మళ్లీ లేచింది, కృష్ణాపత్రిక నడిపింది, 1923లో ఆంధ్రా బ్యాంకును పెట్టింది. రేవు మాత్రం లేవలేదు.

ఇది తెలిశాక మా ప్లాన్ తలకిందులైంది. మామూలుగా అయితే మంగినపూడి బీచ్‌తో మొదలుపెట్టి, బందరు లడ్డు కొనుక్కుని వచ్చేస్తారు. మేం బీచ్‌ను చివరికి పెట్టుకున్నాం. మొదటి రోజు హైదరాబాద్ నుంచి పాత దారినే దాదాపు 340 కిలోమీటర్లు. మధ్యలో ఘంటసాల బౌద్ధ స్తూపం. టాలెమీ రాసిన కొంటకొస్సిల ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. అంటే లోపలికీ తీరానికీ మధ్య ఈ వ్యాపారం గోల్కొండ కంటే వెయ్యేళ్లకు పైగా పాతది. పక్కనే కూచిపూడి. ఆ అగ్రహారాన్ని తానీషా ఇచ్చాడని అక్కడ చెప్పుకుంటారు. రాత్రికి బందరు.

రెండో రోజు పొద్దున్నే డచ్చి సమాధులు, బందరుకోటలో మిగిలిన గోడలు. తర్వాత పెడన, అచ్చుల కలంకారీ కోసం. కలం, కారీ రెండూ పర్షియన్ మాటలే. ఒకప్పుడు ఇక్కడి అద్దకం బట్టలు ఇరాన్‌కు ఓడల్లో పోయేవి. మధ్యాహ్నం దివిసీమ, అక్కడ హంసలదీవి. కృష్ణ సముద్రంలో కలిసే ఆ చోటు ఉన్న మండలం పేరు కోడూరు. మా కోడేరుకీ దానికీ ఒక్క గుణింతమే తేడా! సోమశిల దగ్గర చూసిన నది ఇక్కడ ఎట్లా ఉంటుందో అమ్మకు చూపించాలని ఉంది. మంగినపూడి ఆ తర్వాతే, మూడో రోజు పొద్దున.

నెల విషయంలో మాత్రం రాజీ లేదు. 1864 ఉప్పెన నవంబరులో వచ్చింది. దివిసీమను ముంచిన 1977 తుపాను కూడా నవంబరులోనే, 19న. అది కనీసం పది వేల మందిని మింగింది. అందుకే జనవరి అనుకున్నాం. ఎండ కూడా తట్టుకోవచ్చు.

మంగినపూడి దగ్గర తపసిపూడిలో 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. హైదరాబాద్ దగ్గర డ్రై పోర్టు పెట్టి దాన్ని బందరుతో రోడ్డు వేసి కలపాలని తెలంగాణ ప్రభుత్వం అంటోంది. వార్తల్లో దీన్ని రెండు రాష్ట్రాల మధ్య కొత్త ప్రాజెక్టుగా చెప్తున్నారు. నాకైతే 1802 ఒప్పందం గుర్తొస్తుంది. అప్పుడు కాగితం మీద హక్కు ఉండి కూడా రేవు నిలబడలేదు. ఈసారి తపసిపూడిలో ఎంత లోతు తవ్వారన్నది ఎంత ముఖ్యమో, లోపలి నుంచి అక్కడికి ఏం సరుకు పోతుందన్నదీ అంతే ముఖ్యం. బందరును మొదట నిలబెట్టింది ఆ సరుకే.