కిస్తుకు కూలిన జమీందారీలు: తెనాలి, బాపట్ల, రేపల్లెల భూమిశిస్తు చరిత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు పూర్వం కొండవీటి సీమలోనివి. నవాబుల కాలంలో ఇక్కడి శిస్తు వసూలు దేశముఖులు, దేశపాండ్యాలు, మజుందార్లు, గ్రామ కరణాల మీదుగా నడిచేది. వీరు భూమికి యజమానులు కారు. వసూలు చేసి సర్కారుకు జమకట్టే ఉద్యోగులు. అందుకు ప్రతిఫలంగా సవరం భూములు, రుసుములు అనుభవించేవారు. 1712లో ఈ సీమను మూడు వంతులు చేసి వాసిరెడ్డి, మాణిక్యారావు, మానూరి వంశాలకు పంచారని గ్రామ కైఫీయతులు (స్థానిక చరిత్రల రికార్డులు) చెబుతాయి. రేపల్లె మాణిక్యారావు వంశీకుల జమీందారీ అయింది. తరాలు గడిచేకొద్దీ ఉద్యోగం హక్కుగా మారింది. వసూలుదారు దివాణం కట్టి, బంట్లను పోషించే దొర అయ్యాడు.

1765 నాటి మొగలు ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కినా, ఈ సీమ ఉన్న గుంటూరు సర్కారు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండిపోయింది. 1782లో అతడు మరణించాక, 1788లో అదీ కంపెనీ వశమైంది. 1802 శాశ్వత పరిష్కారం జమీందార్లను భూస్వాములుగా గుర్తించి, వారు ఏటా చెల్లించాల్సిన పేష్కషును శాశ్వతంగా నిర్ణయించింది. ఎస్టేటు రాబడిలో సుమారు మూడింట రెండు వంతులు కంపెనీకి పోవాలి. కిస్తు (వాయిదా) తప్పితే ఎస్టేటు జప్తు, ఆపై వేలం.

కళ్లంలో పంట పంచుకునే ఆసరా పద్ధతిలో రాబడి వానను బట్టి పెరిగేది, తరిగేది. పేష్కషు మాత్రం తరిగేది కాదు. ఆ తేడా పూడ్చడానికి జమీందార్లు సాహుకార్ల దగ్గర అప్పులు చేశారు, గ్రామాలను ఇజారాదార్లకు గుత్తకిచ్చారు. ఇజారాదారు తన లాభం కూడా రైతు నుంచే పిండేవాడు. దీనికి వారసత్వ వ్యాజ్యాలు తోడయ్యాయి. అమరావతి కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో మరణించాక, ఆయన దత్తపుత్రుల తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1846లో గాని తేలలేదు. ఆలోగా ఆస్తి కరిగిపోయింది.

1832-33 నాటి నందన కరువు ఈ వ్యవస్థ నడుము విరిచింది. అయిదు లక్షల జనాభా ఉన్న గుంటూరు జిల్లాలో రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. పొలాలు బీళ్లయ్యాయి, బకాయిలు కొండలా పెరిగాయి. కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ జరిపిన విచారణ జమీందార్ల దివాళాతో పాటు కచేరీ ఉద్యోగుల అక్రమాలనూ బయటపెట్టింది. 1846 నాటికి జిల్లాలోని పెద్ద జమీందారీలను ప్రభుత్వమే వేలంలో కొనుక్కుంది.

అటుపై రైతుకూ సర్కారుకూ మధ్య జమీందారు లేడు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కొమ్మమూరు, నిజాంపట్నం కాలువలతో మెట్ట మాగాణిగా మారింది. సర్వే జరిపి, పొలానికి నంబరు, రైతుకు పట్టా, ఎకరాకు రేటు నిర్ణయించారు. మునసబు వసూలు చేసేవాడు, కరణం లెక్క రాసేవాడు, ఏటా జమాబందీ (శిస్తు లెక్కల తనిఖీ) జరిగేది. ఇలా రైత్వారీ వచ్చింది. రైతుకు హక్కు దక్కింది. శిస్తు భారం మాత్రం పోలేదు. రివిజను జరిగినప్పుడల్లా రేట్లు పెరిగేవి.

పట్టా చేతికొచ్చిన రైతు శిస్తును ప్రశ్నించడమూ నేర్చుకున్నాడు. 1921-22లో బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు సహాయ నిరాకరణలో భాగంగా శిస్తు చెల్లించడం మానేశారు. గ్రామోద్యోగులు రాజీనామాలు చేశారు. ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీజీ సహాయ నిరాకరణను నిలిపివేయడంతో 1922 ఫిబ్రవరిలో ఉద్యమం ఆగింది. నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి.రంగా ఆ తర్వాత రైతు సంఘాలను జమీందారీ ప్రాంతాలకూ విస్తరింపజేశారు.

మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది 1948లో. అంటే ఈ సీమలో పెద్ద జమీందారీలు చట్టానికి వందేళ్ల ముందే పోయాయి. వాటిని కూల్చింది రైతుల తిరుగుబాటు కాదు; పంటను చూడక పైకాన్నే చూసిన కంపెనీ శిస్తు.