అకేలా సఫర్, కాఫిలా సఫర్: పటాన్‌చెరు రోడ్డు మీద ఒక పాత బహస్

మన ఇళ్లలో ఈమధ్య ఈ మాట తరచూ వినిపిస్తోంది. అబ్బాయి బైకు కొంటాడు. మొదట అనంతగిరి కొండలు, తర్వాత బీదర్, ఆ తర్వాత ఒక రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర లద్దాఖ్ మాట తీస్తాడు. అదీ సాఫీ తారు రోడ్డు కాదు. రాళ్లు, ఇసుక, వాగులు ఉన్న దారి. అమ్మీ అడిగేది ఒకటే: "అకేలే జారే క్యా, సాత్ మే కౌన్ హై?" గ్రూపు ఉంది అంటే సగం ఇజాజత్ దొరికినట్టే. అకేలా అన్నాడంటే ఇల్లంతా అదాలత్ అయిపోతుంది. అడిగింది అమ్మాయి అయితే ఇక చెప్పనే అక్కర్లేదు.

బైకు నడిపేవాళ్లలోనూ రెండు ఫిర్కాలున్నాయి. ఒంటరిగా వెళ్తేనే సఫర్ అంటుంది ఒకటి. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు లేవాలో మన మర్జీ, దారిలో కలిసిన మనుషులతో తీరిగ్గా మాట్లాడొచ్చు. గ్రూపుతో వెళ్తేనే హిఫాజత్ అంటుంది రెండోది. దాదాపు 200 కిలోల బండి వాగులో ఒరిగిపోతే ఎత్తడానికి ఇంకో జత చేతులు కావాలి కదా! రెండు మాటలూ నిజమే. కానీ ఈ బహస్ మోటారు సైకిల్‌తో పుట్టింది కాదు. గుర్రాలు, ఒంటెలు, ఎడ్లబండ్లు నడిచిన జమానా నుంచీ ఉంది. ఆ తవారీఖ్ తిరగేస్తే, అమ్మీ అడగాల్సిన అసలు సవాల్ ఇంకోటి ఉందని తెలుస్తుంది.

అమీన్‌పూర్ వాళ్లకు ఇది సొంత సంగతి. మన ఊరు పుట్టిందే ఒక పాత దారి పక్కన. ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) పాలనలో ఈ ఇలాఖాకు పెద్ద అబ్దుల్ ఖాదిర్ అమీన్ ఖాన్. మన చెరువు ఆయన కట్టించిందే, ఊరి పేరూ ఆయనదే. పొన్నికంటి తెలగన్న తొలి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చింది ఈ అమీన్ ఖాన్‌కే. గోల్కొండ నుంచి బీదర్ వైపు పోయే బాట ఇటే. ఇప్పుడు దాని పేరు జాతీయ రహదారి 65. పుణెలో మొదలై జహీరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరు, హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది. ఇవాళ దాని మీద కంటెయినర్ లారీలు, కంపెనీల షిఫ్టు బస్సులు, ఆదివారం ఫజర్ వేళకు బయల్దేరే బైకుల వరుసలు కనిపిస్తాయి. నాలుగు వందల ఏళ్ల కింద మాత్రం ముసాఫిర్‌కు దారంతా ఆఫ్‌రోడే.

ఆ రోజుల్లో వజ్రాల కోసం గోల్కొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి తాజిర్ తావెర్నియే దారి దస్తూర్‌లు వివరంగా రాసిపెట్టాడు. కాస్త ఇజ్జత్‌గా వెళ్లాలనుకునే ముసాఫిర్ ఇరవై ముప్పై మంది హథియార్లున్న మనుషుల్ని వెంట పెట్టుకోవాలట. బంజారాల కాఫిలాల్లో పది పన్నెండు వేల ఎడ్లు ఒకేసారి నడిచేవి. ఇరుకు దారిలో అవి ఎదురైతే దాటేదాకా రెండు మూడు రోజులు ఆగిపోవాల్సి వచ్చేది. అంటే కాఫిలాతో హిఫాజత్ ఉంది, దానికి వక్త్ రూపంలో కీమత్ కూడా ఉంది.

అదే తావెర్నియే ఇంకో సంగతి చెప్పాడు. ఉత్తరాలు మోసే పాదచారి గుర్రపు రౌతు కంటే ముందు చేరేవాడు. మనం హర్‌కారా అనేది అతన్నే. దారి పొడుగునా కొంత దూరానికో గుడిసె. పరుగెత్తుకొచ్చినవాడు ఉత్తరాన్ని గుడిసె ముందు పడేస్తాడు, అక్కడున్నవాడు అందుకుని పరుగు మొదలుపెడతాడు. చీకటి దారిలో పరుగెత్తే ఆ మనిషి చూసేవాళ్లకు అకేలా. కానీ అతని ముందూ వెనకా గుడిసెల సిల్‌సిలా మొత్తం ఉంది. అందులో ఒక్క గుడిసె ఖాళీగా ఉన్నా ఆ వేగమంతా వృథా.

ముసాఫిర్లకు సరాయిలు చేసింది కూడా ఇదే పని. గోల్కొండ దగ్గర షేక్‌పేట సరాయిని ఇప్పటికీ చూడొచ్చు. మనుషులకు గదులు, జంతువులకు శాలలు, పక్కనే మస్జిద్. అటు మచిలీపట్నం వైపు హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం పేరున్న మస్జిద్ చుట్టూ కూడా సరాయి గదులే. ఒక్కడు వచ్చినా, వందమంది వచ్చినా తలుపు తీసే ఇంతెజామ్ అది. అకేలా ముసాఫిర్ ధైర్యంలో సగం అతనిది, సగం ఆ సరాయి కట్టినవాళ్లది.

మన పెద్దలు ఈ బహస్‌లో హదీసు గుర్తుచేస్తారు. రాత్రిపూట ఒంటరి సవారీలో ఉన్న ఖతరా గురించి రసూలుల్లాహ్ (స) హెచ్చరించారు. ముగ్గురు సఫర్‌కు బయల్దేరితే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోమన్నారు. సరే. కానీ ఇమామ్ బుఖారీ ఒంటరి ప్రయాణం మీద పెట్టిన బాబ్‌లో ఆ హెచ్చరిక పక్కనే ఇంకో రివాయత్ ఉంది. ఖందక్ యుద్ధంలో శత్రువుల ఖబర్ తెచ్చేదెవరని అడిగితే, మూడుసార్లూ హజ్రత్ జుబైర్ (ర) ముందుకొచ్చారు. రెండూ ఒకేచోట ఎందుకున్నాయో ఆలోచించాలి. అక్కర, తయ్యారీ, వెనక ఎదురుచూసే జమాత్ ఉన్నప్పుడు ఒంటరి నడకకు కూడా జాగా ఉంది.

ఇబ్న్ బతూతా సంగతే తీసుకోండి. 1325లో ఇరవై ఒక్కేళ్ల వయసులో తాంజియర్ నుంచి హజ్‌కు బయల్దేరినప్పుడు తోడు ఎవరూ లేరు. ట్యూనిస్ చేరాక అందరూ అందరికీ సలామ్ చెప్పుకుంటుంటే తనను పలకరించేవారు లేక ఏడ్చేశాడు. అది చూసి ఒక హాజీ దగ్గరకొచ్చి మాట కలిపాడు. ఆ ఊరి నుంచి కదిలిన కాఫిలాకు అతనే ఖాజీ అయ్యాడు.

పదిహేడేళ్ల తర్వాత, 1342లో, ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఎల్చీగా చైనాకు బయల్దేరినప్పుడు వెంట వెయ్యిమంది సవార్లు. ఇప్పటి అలీగఢ్ దగ్గర ఒక లడాయిలో వాళ్లనుంచి తప్పిపోయాడు. దోపిడీకి గురై, ఆకలితో, చెప్పుల్లేకుండా రోజుల తరబడి తిరిగాడు. చివరికి దిల్‌షాద్ అనే ఒక అజ్నబీ అతన్ని భుజాన మోసి ఊరు చేర్చాడు. ఒంటరిగా బయల్దేరినవాడికి కాఫిలా దొరికింది, వెయ్యిమందితో బయల్దేరినవాడు ఒంటరైపోయాడు. బయల్దేరినప్పటి గిన్‌తీ చివరిదాకా నిలబడదు.

ఇంకో కడవా నిజం. తోడు ఉంటే చాలు, ఖతరా లేదనుకునేవాళ్లు ఠగ్గుల కథ గుర్తుచేసుకోవాలి. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ఠగ్గు జీవితం మీద నవల అచ్చు వేశాడు. ఆ లెక్కల్లో దొరల అతిశయోక్తి చాలా ఉందని ఈనాటి చరిత్రకారులు అంటారు. అయినా అప్పటి వాంగ్మూలాల్లో పదే పదే కనిపించే తరీఖా ఒకటే. వాళ్లు దారికి అడ్డంపడి దోచేవాళ్లు కాదు. "దారి మంచిది కాదు భాయీ, కలిసి పోదాం" అంటూ ముసాఫిర్లలో కలిసేవాళ్లు. కలిసి తిని, కలిసి నడిచి, భరోసా కుదిరాక రుమాలు తీసేవాళ్లు. అంటే భీడ్ వేరు, కాఫిలా వేరు.

మరి కాఫిలాను కాఫిలాగా చేసేదేమిటి? ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చూడండి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న సుమారు వందమందితో బయల్దేరి, కడప, కర్నూలు, హైదరాబాద్, నిర్మల్, నాగపూర్ మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. డేరాలు, పల్లకీ బోయీలు అన్నీ ఉన్నాయి. కానీ ఆ కితాబ్ అసలు కీమత్ ఆయన రాసుకున్న రోజువారీ వివరంలో ఉంది. ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ నది ఎలా దాటాలి. ఆయన వెనక వచ్చేవాళ్లకు ఆ రాత ఒక సరాయి లాంటిది. ఆయన వాడిన 'మజిలీ' మాట కూడా మన మంజిలే. తెలుగు, ఉర్దూ ఈ దారుల మీదే హంసఫర్‌లయ్యాయి.

మోటారు సైకిల్ వచ్చాక బహస్ కొత్త వేషం వేసింది. 1932లో రాబర్ట్ ఎడిసన్ ఫుల్టన్ అనే అమెరికన్ కుర్రాడు డగ్లస్ బండి మీద లండన్ నుంచి ఒక్కడే బయల్దేరి ఇరాక్, హిందుస్తాన్, చైనా మీదుగా జపాన్ చేరాడు. 1937లో అచ్చయిన తన కితాబ్‌కు పెట్టిన పేరు 'వన్ మ్యాన్ కారవాన్'. ఒంటరి మనిషే ఒక కాఫిలా అన్నమాట. అనామతు మనుషుల మెహమాన్‌నవాజీ లేకుండా అలాంటి సఫర్ పూర్తయ్యేదా?

ఇప్పుడు లద్దాఖ్ దారి హిసాబ్ చూద్దాం. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి వాగుల్లో నీళ్లు పెరుగుతాయి, అందుకే పొద్దున్నే దాటాలి. ఐదు వేల మీటర్ల ఎత్తులో నాలుగడుగులు వేసినా ఆయాసం వస్తుంది, అక్కడ పడ్డ బండిని ఒక్కడే ఎత్తడం ఆషామాషీ కాదు. ఈ హిసాబ్ గ్రూపు వైపే మొగ్గుతుంది. కానీ ఇరవై బండ్ల గ్రూపులో ఒకరి స్పీడు చూసి ఇంకొకరు జోష్‌లో పడతారు. రాలేని దారిలోకి కూడా షరమ్ కొద్దీ వచ్చేస్తారు. "వెనక ఎవరో చూసుకుంటారులే" అని ప్రతివాడూ అనుకుంటే ఎవరూ చూసుకోరు. అందుకే తెలిసిన గ్రూపులు ముందు ఒక అనుభవజ్ఞుడిని, అందరికంటే చివర ఇంకొకడిని పెడతాయి. ఆ చివరివాడి జిమ్మేదారీ ఒకటే: తన వెనక ఎవరూ మిగిలిపోకూడదు.

అందరూ ఒకరితో ఒకరు పోటీపడే డాకర్ రేసులో కూడా ఈ దస్తూర్ ఉంది. 2015లో డాకర్ పూర్తి చేసిన తొలి భారతీయుడు బెంగళూరు సి.ఎస్. సంతోష్. 2021 జనవరిలో సౌదీ ఎడారిలో ఆయన పడిపోయి స్పృహ తప్పితే, వేరే జట్టు రైడర్ తన రేసు ఆపి సాయం చేశాడు. అలా ఆగినవాళ్లకు పోయిన టైమును తిరిగి లెక్క కడతారు. ఆగడం నష్టం కాదని కాయిదాలోనే రాసిపెట్టారు.

మన హైదరాబాద్ బేటీలు రెండు దారులూ నడిచి చూపించారు. సనా ఇక్బాల్ బుల్లెట్ మీద ఒంటరిగా దేశమంతా 38,000 కిలోమీటర్లు తిరిగి 2016లో ముగించింది. దారి పొడుగునా కాలేజీల్లో ఆగి, డిప్రెషన్ గురించి, జిందగీని వదులుకోవద్దని పిల్లలతో మాట్లాడింది. ఆ పిల్లలే ఆమె కాఫిలా. 2017 అక్టోబరులో నగర శివారులో జరిగిన కారు ప్రమాదంలో ఆమె మనకు దూరమైంది. అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి బైకుల మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగొచ్చారు. మొత్తం ఆరు దేశాలు, దాదాపు 17,000 కిలోమీటర్లు. ఒకరిది అకేలా, ఇంకొకరిది కాఫిలా. ఇందులో ఏది సహీ అని తీర్పు చెప్పే హక్కు ఎవరికుంది?

2020 లాక్‌డౌన్ రోజులు గుర్తున్నాయా? కంది దగ్గర చిక్కుకుపోయిన వలస కార్మికులు ఇల్లు చేరతామని గొంతెత్తారు. మే 1న మన పక్కనున్న లింగంపల్లి నుంచి దాదాపు 1,200 మందితో ఝార్ఖండ్‌కు రైలు కదిలింది. అదొక కాఫిలా. అంతకుముందే ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లా నుంచి మన ఖౌమ్‌కు చెందిన ఒక టీచరమ్మ స్కూటీ మీద నెల్లూరు వెళ్లి, అక్కడ ఆగిపోయిన కొడుకును ఎక్కించుకుని వచ్చింది. రానూపోనూ 1,400 కిలోమీటర్లు. ఖాళీ రోడ్లు, నిర్మానుష్యమైన రాత్రులు. చేతిలో పోలీసుల ఇజాజత్ చిట్టీ, సంచిలో రొట్టెలు. ఆ చిట్టీ చూసి దారి ఇచ్చిన ప్రతి చెక్‌పోస్టూ ఆమెకు ఒక హర్‌కారా గుడిసె. బేటీని ఒంటరిగా పంపం అనే ఇళ్లు కూడా ఆ అమ్మీకి సలాం చేశాయి. అక్కర తల్లిదైతే హిమ్మత్ అంటాం, కోరిక కూతురిదైతే జిద్ అంటాం. ఇది ఇన్సాఫేనా?

అందుకే నా గుజారిష్. పిల్లలు సఫర్ మాట తీసినప్పుడు "అకేలా నా, గ్రూపా" దగ్గరే ఆగిపోకండి. గ్రూపు అంటే: మీ అమీర్ ఎవరు, అందరికంటే వెనక నడిచేది ఎవరు, ఒకరు పడితే మిగతావాళ్లు ఆగుతారా అని అడగండి. అకేలా అంటే: రోజూ ఏ వేళకు ఎవరికి ఖబర్ చేస్తావు, ఏ రాత్రి ఏ మజిలీ, బండి రిపేరు చేతకు వచ్చా, వాగు ఉప్పొంగితే వెనక్కి తిరిగే సబర్ ఉందా అని అడగండి. ఈ జవాబులు లేని ఇరవైమంది గ్రూపు కంటే, జవాబులున్న ఒక్క ముసాఫిర్ ఎక్కువ హిఫాజత్‌లో ఉన్నట్టు.

ఇంకోటి. దారి పక్కన ఉండే మనమూ ఈ సఫర్‌లో భాగమే. రోడ్డు 65 మీద ఎక్కడో బీహార్ కూలీయో, కేరళ రైడరో బండి ఆగిపోయి నిలబడి ఉంటాడు. మంచినీళ్లు ఇవ్వండి, మెకానిక్ దుకాణం చూపించండి. సరాయిలు కట్టిన కుతుబ్‌షాహీలు పోయారు, గుడిసెల్లో కాచుకుని ఉన్న హర్‌కారాలు పోయారు. ఆ పని మాత్రం మనకు అమానత్‌గా మిగిలింది.

సఫర్‌లో ఉన్నవాళ్లందరికీ, ఫీ అమానిల్లాహ్.