పంచ్

1877 జనవరిలో లక్నోలో మున్షీ సజ్జాద్ హుసేన్ ఓ ఉర్దూ వారపత్రిక మొదలుపెట్టాడు. పేరు ‘అవధ్ పంచ్’. అరువు పేరే. 1841లో లండన్‌లో పుట్టిన హాస్యపత్రిక ‘పంచ్’ నుంచి తెచ్చుకున్నది. ఆ పత్రికకు పేరిచ్చిన పంచ్ బొమ్మలాటలో ఒక బొమ్మ: కొక్కెం ముక్కు, గూని, చేతిలో దుడ్డుకర్ర, ఎదురొచ్చినవాడి వీపు విమానం మోతే. ఇటలీ నాటకాల విదూషకుడు పుల్చినెల్లా ఇంగ్లండు చేరాక పేరు అరిగి అలా మిగిలాడు.

లక్నోలో ఆ పేరుకు కొత్త హోదా దక్కింది. అక్కడివాళ్లకు ‘పంచ్’ అంటే ఊరి తగవు తీర్చే పెద్దమనిషి. మూలం సంస్కృతంలోని ‘పంచ’, అంటే ఐదు. రాతలోనూ పలుకులోనూ రెండింటికీ తేడా లేదు. లండన్‌లో కర్ర తిప్పిన బొమ్మ ఇక్కడ రచ్చబండెక్కి తీర్పరి అయింది. సజ్జాద్ హుసేన్ లాంటి మాటకారికి ఈ శ్లేష తట్టలేదంటే నేను నమ్మను.

ఇంగ్లీషు పోకడలను వెనకేసుకొచ్చిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌నూ, ఊళ్లోని పెద్ద పత్రిక ‘అవధ్ అఖ్‌బార్’నూ పంచ్ వదల్లేదు. మరుసటి ఏడే, 1878లో, దేశభాషా పత్రికల మీద చట్టం వచ్చిపడింది. ఇంగ్లీషు పత్రికల జోలికి మాత్రం అది పోలేదు.

ఉత్తరాదిన ఐదుగురు చేసే పనికి మనకు నలుగురు చాలు. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అనేటప్పుడు ఆ నలుగురినీ లెక్కపెట్టేదెవరు? అయితే మన నలుగురు తీర్పు చెప్పరు, నవ్విపోతారు. దొరను బోనెక్కించలేని రోజుల్లో వెయ్యగలిగిన శిక్ష అదొక్కటే. ‘అవధ్ పంచ్’ అచ్చేసిందీ ఆ నవ్వునే.

ఇప్పటి మన ‘పంచ్ డైలాగు’ వేరే ఇంటిది. అది పిడిగుద్దు పంచ్. బొమ్మతోగాని పెద్దమనిషితోగాని దానికి చుట్టరికం లేదు. దొరలు తాగిన పంచ్ మాత్రం మన ‘పంచ’ నుంచే వెళ్లిందనీ, ఐదు సరుకులు కలిపితే వచ్చిన పేరనీ చాలామంది అంటారు.

‘అవధ్ పంచ్’లో రాసినవాళ్లలో కవి అక్బర్ ఇలాహాబాదీ ఒకడు. ఆయన కొలువు సర్కారు కోర్టులోనే. సెషన్స్ జడ్జి దాకా ఎదిగాడు. దొరల చట్టం చదివి తీర్పులిచ్చాడు, దొరల వేషానికి మురిసిపోయేవాళ్లను ఉర్దూ షేర్లలో ఏకిపెట్టాడు. రెండు చోట్లా ఆయన పంచే. మొదటి పనికి ఖాన్ బహదూర్ బిరుదు కూడా ఇచ్చారు.